క్యామ్ ఒక్కటే మారిస్తే చాలదు



పాత మోటార్‌సైకిల్‌కు ‘రేసింగ్ క్యామ్’ వేస్తే చాలు, బండి దూసుకుపోతుందని గత సంచికలో వ్యాసకర్త రాశారు. కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 విషయంలో ఈ మాట సగమే నిజం.

ఆ ఇంజిన్‌లో పొడవాటి క్యామ్‌షాఫ్ట్ ఉండదు. ఇన్‌లెట్‌కు ఒకటి, ఎగ్జాస్ట్‌కు ఒకటి, రెండు క్యామ్‌లు పళ్లచక్రాలతో టైమింగ్ కవర్ వెనక తిరుగుతాయి. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. నింపాదిగా, బలంగా లాగడానికి పుట్టిన ఇంజిన్ అది. వాల్వును ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ వేస్తే బలమంతా పై ఆర్‌పీఎమ్‌కు జరుగుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు కావలసిన లాగుడు తగ్గుతుంది.

వ్యాసంలో అసలు లేనిది కొలత. పిస్టన్ మీద మెత్తటి బంకమట్టి పెట్టి, హెడ్ బిగించి, క్రాంక్‌ను చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పి చూడాలి. వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఎంత ఖాళీ ఉందో నొక్కుకుపోయిన మట్టి మందమే చెబుతుంది. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగు చుట్లు అతుక్కుపోతే పుష్‌రాడ్ వంగుతుంది. ఇవి చూడకుండా కిక్ కొట్టడం ఇంజిన్‌కు ప్రమాదం.

ఇక క్యామ్ మార్చదగ్గ బళ్లంటూ ఆ వ్యాసంలో ఇచ్చిన జాబితాలో యెజ్డీ 250ని కూడా చేర్చారు. ఆనాటి ఆ టూ స్ట్రోక్ ఇంజిన్‌లో క్యామే లేదు. దయచేసి వచ్చే సంచికలో సవరణ వేయండి.