విద్యుత్ తీగకు ఆవల

పట్టణ జీవితపు రొదతో విసిగి, విద్యుత్ తీగతోనూ కుళాయి గొట్టంతోనూ పని లేకుండా ఏ కొండ పాదాననో కుటీరం నిర్మించుకొని స్వేచ్ఛగా బ్రతకాలని కోరుకొనేవారు నేడు దేశదేశాలలో కనిపిస్తున్నారు. ఆ కోరిక తప్పు కాదు. అయితే కోరి తీగను వదలుకొన్నవాని బ్రతుకు వేరు. తీగ కోసం తరతరాలుగా ఎదురుచూచినవాని బ్రతుకు వేరు. ఈ రెండవ బ్రతుకు ఎట్టిదో తెలిసికొనడానికి యలమంచిలి విద్యార్థులు దూరదేశాలకు పోనక్కరలేదు. అడ్డురోడ్డు మీదుగా నర్సీపట్నం చేరి, చింతపల్లి, గూడెం కొత్తవీధి కొండదారి పట్టిన చాలు.

ఆ కొండలు మనకు వెలుగునిచ్చిన కొండలు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. దిగువ సీలేరులో 115 మెగావాట్ల యంత్రాలు నాలుగు, మొత్తం 460 మెగావాట్ల శక్తితో, 1970వ దశకంలో నెలకొన్నాయి. మాచ్‌ఖండ్ జలాశయం కోసం భూములు, ఇండ్లు విడిచిపోయినవారిలో గిరిజనులు వేలాదిగా ఉన్నారు. వెలుగు మాత్రం ముందుగా మైదానాలకు దిగివచ్చింది. తలలమీదుగా పెద్ద తీగలు సాగిపోతుండగా, గుడిసెలో కిరోసిన్ బుడ్డి వెలిగించుకొన్న తరాలు అక్కడ గడిచాయి.

తీగ వేయడం సాధ్యం కాని ఇండ్లకై 2017లో కేంద్ర ప్రభుత్వపు సౌభాగ్య పథకం ఒక మార్గం చూపింది. 200 నుండి 300 వాట్ల సౌరఫలకం, ఒక బ్యాటరీ, ఐదు ఎల్.ఇ.డి. దీపాలు, ఒక పంకా ఇవ్వాలనీ, ఐదేండ్లపాటు మరమ్మతు బాధ్యత వహించాలనీ అందులో నిర్ణయించారు. దీని శక్తి ఎంతో లెక్కించి చూతము. మన ప్రాంతపు మంచి ఎండలో 200 వాట్ల ఫలకం రోజుకు సుమారు 800 వాట్-గంటలు, అనగా ఒక యూనిట్‌కు కూడ తక్కువ ఇస్తుంది. తొమ్మిది వాట్ల దీపాలు ఐదు, ఐదు గంటలు వెలిగితే 225 వాట్-గంటలు. పాతిక వాట్ల పంకా పది గంటలు తిరిగితే 250. సంసారం గడిచినట్లే. కాని వేయి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్క గంటలో ఆ రోజు సంపాదననంతా హరిస్తుంది. ఇక వానకాలంలో కొండపై మబ్బు మూడు దినాలు వీడకపోతే, దీపమా, పంకాయా అన్నది ఇంటి ఇల్లాలు తేల్చవలసిన ప్రశ్న అవుతుంది.

తీగకు ఆవల నివసించడమంటే బాధ్యతల నుండి విడుదల కాదు. విద్యుత్ శాఖ చేసే పనిని మన నెత్తిన వేసుకొనడమే. ఫలకంపై దుమ్ము తుడవాలి. పెరిగిన కొమ్మ నీడ పడకుండా కొట్టాలి. సీసపు బ్యాటరీలో శుద్ధజలం తగ్గకుండా చూడాలి. దానిని సగానికి మించి తరచు ఖాళీ చేస్తే ఆయుష్షు క్షీణిస్తుంది. ఎంత జాగ్రత్త పడినా కొన్ని సంవత్సరాలకు దానిని మార్చక తప్పదు. ఆ సొమ్ము ఎవరిది? కొండ దిగి దానిని తెచ్చేదెవరు? 2018, 2019 సంవత్సరాలలో అమర్చిన సామగ్రికి ఆ ఐదేండ్ల గడువు ఇప్పటికే ముగిసింది. పోషణ లేని దానం పాత ఇనుము క్రిందనే లెక్క.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడ ఆ కొండలలోనే ఉన్నది. నర్సీపట్నం కేంద్రంగా విశాఖ జిల్లా నవనిర్మాణ సమితి ఏజెన్సీ గ్రామాలకు ఊటనీటి పథకాలు సమకూర్చింది. ఎత్తున ఉన్న ఊటను కట్టి, వడపోసి, గొట్టం ద్వారా వాలున దించితే నీరు తనంతట తానే వీధి కుళాయికి చేరుతుంది. మోటారు లేదు, బిల్లు లేదు. గొట్టం పగిలినా, ఇసుక కడగవలసివచ్చినా ఊరివారే చేసుకొనగలరు. ఊరి చేతికి అందే యంత్రమే ఊరిలో నిలుస్తుంది.

అందరికీ తీగ వేస్తే సరిపోదా అని కొందరు అడుగవచ్చు. వేయవలసిందే, అది వారి హక్కు. కాని తీగయే సర్వస్వమనుకొన్న మనకు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఒక పాఠం చెప్పింది. వేలాది స్తంభాలు నేలకొరిగి, విశాఖ నగరంలోనూ పరిసర గ్రామాలలోనూ దినాల తరబడి కరెంటు లేదు. మోటారు తిరగక మేడమీది ట్యాంకులు ఎండిపోయాయి, టెలిఫోన్లు మూగపోయాయి. కొండవాని నిత్యజీవితాన్ని ఆ కొద్ది దినాలు మనమూ అనుభవించాము.

కావున మన కళాశాల యాజమాన్య సంఘానికి ఒక విన్నపం. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక ఫలకం, ఒక బ్యాటరీ ఉంచి, వాటి అమరిక, పరీక్ష, మరమ్మతు ప్రతి విద్యార్థికీ నేర్పించండి. వాడే పద్ధతిని బొమ్మలతో, సులభమైన తెలుగులో ఒక్క పుటలో అచ్చువేయించండి. రెండు భాషల నడుమ చదువుకొంటున్న మనకు, అర్థం కాని భాషలో వ్రాసిన సూచన ఎంత నిరర్థకమో వేరుగా చెప్పనక్కరలేదు. విద్యార్థి మిత్రులారా! వేసవి సెలవులలో పదిమంది ఒక జట్టుగా కొండ యెక్కి, ఆగిపోయిన దీపాలను పరిశీలించి, గ్రామానికి ఇద్దరు యువకులకైనా ఆ పని నేర్పి రండి. ఆ కొండల నీటితో పుట్టిన వెలుగులో మనం చదువుకొన్నాము. ఆ ఋణం తీర్చుకొనడానికి ఒక స్క్రూడ్రైవరు, కొంత ఓర్పు చాలును.