హెచ్‌డీఆర్‌కి ఏ సాఫ్ట్‌వేర్?
దండారి ఫొటోలకు ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని తమ్ముళ్లు అడుగుతున్నారు. మా మాట సూటిగా చెప్తాం: నెలనెలా డబ్బు కట్టే లైట్‌రూమ్ మనకెందుకు? ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్, డార్క్‌టేబుల్ రెండూ ఉచితం. లాప్‌టాప్‌లో ఒకసారి వేసుకుంటే గూడెంలో నెట్ లేకున్నా పనిచేస్తాయి.

ఇంట్లో చీకటి, వాకిట్లో ఎండ ఉన్నచోట వెలుగు పెంచి, తగ్గించి మూడు ఫొటోలు తీసి కలపండి. గుస్సాడీ ఆడేటప్పుడు మాత్రం వద్దు, కదిలే మనిషి రెండుగా కనిపిస్తాడు. అక్కడ ఒక్క రా ఫైల్‌ని సవరించుకుంటే చాలు.

స్లైడర్ చివరిదాకా లాగితే అవ్వ ముఖానికి బొగ్గు పూసినట్టుంటది. మనల్ని వింతగా చూపించే ఫొటోలు బయటోళ్లు చాలానే తీశారు. మనమూ అదే చేస్తే ఎట్లా? ఫొటో చూసి అవ్వ 'ఇది నేనే' అనాలి. మాకు అదే కొలత.