పేరుకు వెల, పనికి తూకం

పాత గౌన్లను లక్షలు పోసి కొనేవారిని కళాపోషకులని శ్లాఘించే వ్యాసాలు ఈ మధ్య తెలుగులో కూడా కనబడుతున్నాయి. పారిస్‌లోనో న్యూయార్కులోనో పేరుమోసిన రూపకర్త ఎవరో డెబ్బై ఏళ్ల క్రితం కుట్టించిన దుస్తులను వెదకి, వేలంలో పోటీపడి కొని, బీరువాలో దాచుకోవడం ఉత్తమాభిరుచి అట. పైపెచ్చు అది శ్రమకు చేసే గౌరవమట. అభిరుచి ఎవరిది వారిది, నాకు అభ్యంతరం లేదు. శ్రమకు గౌరవమన్న రెండవ మాటతోనే పేచీ. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పద్యాలకు ప్రతిపదార్థం చెప్పినవాణ్ని. ఆ అలవాటు కొద్దీ ఈ వర్తకంలో చలామణి అయ్యే మాటలకు కూడా ప్రతిపదార్థం చెప్పి చూస్తాను. మిత్రులు ఓపిక పట్టాలి.

మొదటి మాట 'వింటేజ్'. ద్రాక్షపండ్ల కోతను సూచించే లాటిన్ పదం ఫ్రెంచి మీదుగా ఆంగ్లానికి చేరి, ఫలానా ఏటి పంట నుండి తీసిన ద్రాక్షాసవమన్న అర్థం పొంది, అక్కడి నుండి పాత కార్లకూ పాత గౌన్లకూ అంటుకొన్నది. ఇరవై ఏళ్లు దాటితే వింటేజ్, నూరేళ్లు దాటితే యాంటిక్ అని వర్తకుల వాడుక. ఆసవానికి వయసు గుణమిస్తుందంటారు (నాకు విన్న మాటే గాని అనుభవం లేదు). గుడ్డకు మాత్రం వయసు గుణమివ్వదు, తీసివేస్తుంది. పందొమ్మిదవ శతాబ్దం చివరి నుండి ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాల వరకూ ఐరోపా, అమెరికాలలో తయారైన పట్టుగుడ్డలలో చాలా వాటికి ఒక పుట్టువ్యాధి ఉంది. పట్టుదారాన్ని ఉడికించి జిగురు తీసివేస్తే బరువులో సుమారు నాలుగోవంతు పోతుంది. పట్టు అమ్మేది తూకానికి. అందుచేత ఆ లోటు పూడ్చడానికి, అంతకు మించి కూడా, దారానికి తగరపు లవణాలు పట్టించేవారు. గుడ్డ బరువుగా, జారుగా, అందంగా ఉండేది. ఆ లవణాలే ఏళ్లు గడిచేకొద్దీ దారాన్ని కొరికివేస్తాయి. పెట్టెలో ఎవరూ ముట్టకుండా ఉన్న గౌను కూడా మడతల వెంబడి నిలువునా పగిలిపోతుంది. కొన్న మరునాడు విప్పి చూసుకొని గొల్లుమన్నవారున్నారు.

తూకమన్న మాటను గుర్తుంచుకోండి, మళ్లీ దానితో పని ఉంది.

రెండవ మాట 'డిజైనర్', అనగా రూపకర్త. ఈ వర్తకానికి ఇష్టదైవం ఇతడే. ఇరవయ్యవ శతాబ్దారంభంలో స్త్రీల నడుములను బిగించే కోర్సెట్టును వదలిపెట్టి, భుజాల నుండి జారే గౌన్లను రూపొందించి పారిస్‌ను ఏలినవాడు పాల్ పొయిరే. కాలం తిరగబడింది. 1929లో ఆయన సంస్థ మూతపడ్డప్పుడు అందులో మిగిలిన దుస్తులను చింపిరిగుడ్డల లెక్కన కిలోల తూకానికి అమ్మివేశారు. ఆయన 1944లో పేదరికంలో పోయాడు. 2005లో పారిస్‌లో ఆయన భార్య డెనీజ్ దుస్తులు వేలానికి వచ్చినప్పుడు ప్రపంచమంతటి నుండి కొనుగోలుదారులు ఎగబడ్డారు. 2007లో న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియం పొయిరే పనికి పెద్ద ప్రదర్శన పెట్టింది. 1929లో తూకానికి పోయిన గుడ్డా, 2005లో బంగారమైన గుడ్డా ఒకే పనిచోట, ఒకే చేతుల మీదుగా వచ్చినవే. ఈ మధ్యకాలంలో కుట్టులో ఒక్క పోగు కూడా పెరగలేదు. పెరిగినదల్లా పేరు. శ్రమనే గౌరవించేవారైతే 1929లో ఆ బస్తాల దగ్గర ఒక్కరైనా నిలబడి ఉండవలసింది కదా!

పోనీ, పేరైనా సరిగ్గా ఉందా అని చూస్తే అక్కడా చిక్కే. పాత దుస్తులు సేకరించేవారు కలవరించే గౌన్లలో 'డెల్ఫోస్' ఒకటి. వెనిస్ నగరంలో మరియానో ఫోర్చునీ పేర వెలువడినది. సన్నని పట్టును వందలకొద్దీ కుచ్చులుగా మడిచి, అంచుల వెంబడి మురానో గాజుపూసలు కూర్చి, గ్రీకుశిల్పపు వస్త్రంలా ఒంటి మీద జారేటట్లు చేసినది. దానిని మడత పెట్టకూడదు, తాడులా మెలిపెట్టి చిన్న గుండ్రని పెట్టెలో చుట్టి ఉంచాలి. ఆ కుచ్చులు పోకుండా నిలపడంలోని కిటుకు నేటికీ పూర్తిగా తేలలేదు. 1909లో పారిస్‌లో దీనికి పేటెంటు తీసుకొన్నప్పుడు ఫోర్చునీ ఆ కాగితం మీద తన చేతివ్రాతతో ఒక మాట చేర్చాడు: ఇది హెన్రియెట్‌కు చెందినది, కనిపెట్టినది ఆమే, దాఖలు చేయడంలోని తొందర వల్ల నా పేర తీసుకొంటున్నాను అని దాని సారాంశం. హెన్రియెట్ ఆయన సహచరి, తరువాత భార్య. కర్తయే స్వయంగా "కర్తను నేను కాను" అని వ్రాసిపెట్టినా నూరేళ్లకు పైగా వర్తకం ఫోర్చునీ పేరే పలుకుతున్నది. వేలంపట్టీలో ఆ రెండవ పేరు ఎక్కడైనా కనబడితే వివరణలోని ఏ మూలనో కనబడుతుంది. చీటీ మీద ఉన్న పేరుకే వెల.

చీటీయే లేకపోతే? 1953లో అమెరికాలో జాక్విలిన్ బూవియే, జాన్ కెనెడీల వివాహం జరిగింది. ఆ పెళ్లిగౌను రూపొందించినది ఆన్ లో అనే నల్లజాతి స్త్రీ. పెళ్లికి పది రోజుల ముందు ఆమె పనిచోట నీటిగొట్టం పగిలి, పెళ్లికూతురి గౌనూ, తోడిపెళ్లికూతుళ్ల గౌన్లలో చాలా భాగమూ పాడయ్యాయి. ఎవరికీ చెప్పకుండా, మళ్లీ గుడ్డ కొని, రాత్రింబవళ్లు కూర్చొని అన్నీ తిరిగి కుట్టించారు. ఏడువందల డాలర్ల లాభం రావలసినచోట రెండువేల రెండువందల డాలర్ల నష్టం వచ్చింది. ఆ గౌను ఛాయాచిత్రాలు లోకమంతటా అచ్చయ్యాయి, ఆమె పేరు వేసిన పత్రికలు బహుకొద్ది. ఆమె 1981లో మరణించారు. 2023లో వింటర్‌థూర్ మ్యూజియం ఆమె పనికంతా ప్రత్యేకంగా ప్రదర్శన ఏర్పాటు చేసింది. కుట్టిన చేయి ఏడు దశాబ్దాలు ఎదురుచూడవలసి వచ్చిందన్న మాట.

ఇక కొనేవారి విద్యను చూద్దాం. నిజానికి ఈ వర్తకంలో ఆరితేరినవారి పరిజ్ఞానం నాకు ముచ్చట వేస్తుంది. గౌనును తిరగవేసి చూస్తారు. లోపలి కుట్టు చేత్తో వేసినదా, యంత్రంతోనా? అస్తరు ఎలా కలిపారు? జిప్పు లోహానిదా, నైలానుదా, పక్కనుందా, వెనకనుందా? ఉతికే సూచనల చీటీ కుట్టి ఉంటే అమెరికా గౌను అయితే 1972కు ముందుది కాకపోవచ్చు, ఎందుకంటే ఆ నిబంధన అప్పుడు అమలులోకి వచ్చింది. పారిస్‌లోని గొప్ప సంస్థల గౌన్లలో చీటీ వెనుక చిన్న గుడ్డపట్టీ మీద అంకె ఉంటుంది. ఆ అంకెను బట్టి అది ఎవరికోసం కుట్టారో సంస్థ దస్తావేజులలో చూడవచ్చు. మన తాళపత్రగ్రంథాల ప్రతులను పరిష్కరించే పండితుడు లేఖకుని గద్యను పరీక్షించినట్లే ఉంటుంది ఈ వ్యవహారం. ఇంత విద్య ఉన్నవారు ఆ విద్యను దేనికి వాడుతున్నారన్నదే ప్రశ్న.

1950లలో అమెరికా దుకాణాలు పారిస్ నమూనాలను హక్కులతో సహా కొని, గీతకు గీత సరిపోయేటట్లు నకళ్లు కుట్టించి అమ్మేవి. కొన్నిటికి గుడ్డ కూడా అదే, కత్తిరింపు కూడా అదే. నేడు ఆ నకలుకు వచ్చే వెల పారిస్ చీటీ ఉన్న గౌను వెలలో చిన్న తునక. అందుకే అసలు చీటీని ఊడదీసి వేరొక గౌనుకు కుట్టి అమ్మే ఘనులు పుట్టుకొచ్చారు. దొంగవాడికి సరుకు విలువ ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కరలేదు. వాడు గౌనును దొంగిలించడు, చీటీని దొంగిలిస్తాడు.

నాకు అన్నిటికంటె మనసు నొచ్చే చీటీ మరొకటున్నది. అమెరికాలో స్త్రీల దుస్తులు కుట్టే కార్మికుల సంఘం 1900లో ఏర్పడింది. 1909లో న్యూయార్కులో వేలాది కుట్టుపని యువతులు సమ్మె చేశారు. సంఘాన్ని ఒప్పుకోని ట్రయాంగిల్ అనే దుస్తుల కర్మాగారంలో 1911 మార్చి 25న మంటలు చెలరేగి 146 మంది మరణించారు. తలుపు తాళం వేసి ఉంది. చచ్చినవారిలో ఎక్కువమంది వలస వచ్చిన యువతులు. ఆ సంఘం తన సభ్యులు కుట్టిన దుస్తులకు తన చీటీ వేయించేది. అంటే గౌనులో ఉన్న చీటీలన్నిటిలో కుట్టినవారి తరఫున మాట్లాడేది అదొక్కటే. నేటి కొనుగోలుదారులు దానిని శ్రద్ధగా చూస్తారు. దేనికి? దాని రంగులూ బొమ్మా 1955లో, 1963లో, 1974లో మారాయి, 1995లో సంఘం మరొకదానిలో కలిసిపోయింది. కాబట్టి గౌను వయసు నిర్ణయించడానికి అది చక్కని ఆనవాలట! కార్మికుల చీటీ కాలనిర్ణయానికి, రూపకర్త చీటీ ధరనిర్ణయానికి.

నా పూర్వవిద్యార్థిని ఒకతె అమెరికాలో ఉంటున్నది. పాత గౌన్లు కొంటుంది, నాతో వాదిస్తుంది. "మాస్టారూ, కావ్యానికి కవి పేరుంటుంది గాని తాటాకు కోసినవాడి పేరు ఉంటుందా?" అన్నది. మంచి ప్రశ్నే, నేను నేర్పిన తర్కమే నా మీద ప్రయోగించింది. అయితే తాటాకు కోసినవాడికి పద్యంలో భాగం లేదు. ఈవ్ సాం లారాన్ 1988లో వాన్ గో చిత్రాల పోలికతో కోట్లు చేశాడు. 2019లో వాటిలో పొద్దుతిరుగుడు పూల కోటు ఒకటి పారిస్ వేలంలో 3,82,000 యూరోలు పలికింది. ఆ పూలు ఎవరు పూయించారు? లెసాజ్ అనే ఎంబ్రాయిడరీ కుట్టుపని సంస్థలోని స్త్రీలు. ఆ తరహా కోటు ఒకటికి సుమారు ఆరువందల గంటలు పట్టేదని చెబుతారు. కోటులో చూసి జనం నోరు తెరిచేది ఆ కుట్టునే. దానిని తాటాకు అనగలమా? రూపకర్త పేరు తుడిచివేయమని నేననను, ఆలోచన కూడా పనే. పక్కన రెండవ పేరుకు చోటు లేదనడమే అన్యాయం.

కట్టుకొన్నవారి పేరుకు పలికే ధర గురించి ఎక్కువ చెప్పను. 2006 డిసెంబరులో లండన్ వేలంలో ఆడ్రీ హెప్‌బర్న్ సినిమా కోసం జివాన్షీ చేసిన నల్లగౌను 4,67,200 పౌండ్లు పలికింది. ఆ సొమ్ము డొమినిక్ లాపియే కలకత్తా పేదల కోసం నడిపిన సంస్థకు వెళ్లింది గనుక దాని జోలికి పోను. మెరిలిన్ మన్రో 1962లో కెనెడీ పుట్టినరోజు పాటకు ధరించిన గౌను 2016లో 48 లక్షల డాలర్లకు పోయింది. దానిని 2022లో ఒక తార ఉత్సవానికి తొడుక్కొని వెళ్లగా, అటువంటి దుస్తులను ఎవరూ ధరించరాదని ప్రపంచ మ్యూజియంల మండలి చెప్పవలసి వచ్చింది. వేలకొద్దీ రాళ్లు చేత్తో కుట్టిన గౌను అది. కుట్టినవారెవరని అప్పుడు కూడా ఎవరూ అడిగినట్లు లేదు.

దూరదేశపు సంగతులు మనకెందుకంటారేమో. ఐరోపా మ్యూజియంలలో, వేలాలలో పదునెనిమిదవ శతాబ్దపు పూలగౌన్లు కనబడతాయి. వాటిలో ఎన్నిటికో గుడ్డ మన కోరమాండల్ తీరానిది. మచిలీపట్నం ప్రాంతపు అద్దకపువారు నూలుగుడ్డ మీద కలంతో గీసి, చిరువేరుతో ఎరుపు, నీలితో నీలం ఎక్కించిన బట్ట. దాని దెబ్బకు ఫ్రాన్సు 1686 నుండి 1759 వరకు దిగుమతిని నిషేధించింది, ఇంగ్లండు 1700లోనూ 1721లోనూ చట్టాలు చేసింది. 1719లో లండన్ వీధులలో నేతగాళ్లు ఆ గుడ్డ కట్టిన ఆడవాళ్ల మీద పడి బట్టలు చింపారు. అంతటి వస్త్రానికి నేడు అద్దాల పెట్టె పక్కన ఉండే వివరం 'కోరమాండల్ తీరం' అన్న రెండు మాటలే. రూపకర్త స్థానంలో ఒక సముద్రపు గట్టు!

ఇక మన పట్టణాలలో 'పాత పట్టుచీరలు కొంటాము' అన్న బోర్డులు చూడనివారు లేరు. అక్కడ ధర్మవరం చీర విప్పితే దుకాణదారు కొంగు అందం చూడడు, బుటా లెక్కపెట్టడు. జరీపోగు లాగి పరీక్షిస్తాడు. వెండి ఎంత వస్తుందో లెక్క కట్టి ఆ మేరకు రూపాయలిస్తాడు. చీర కాలిపోతుంది, వెండి మిగులుతుంది. అసలు జరీ పట్టుచీర ఎంత పాతదైతే అంత త్వరగా పొయ్యికి ఆహుతి, ఎందుకంటే పాతదానిలో వెండి ఎక్కువ. అంచును వేరే రంగు పట్టుతో నేసి ఒంటికి కలిపిన పనితనం ఎవరిదో అడిగే నాథుడు లేడు. ఆ చీరకు చీటీ లేదు గదా. పొయిరే గౌన్లు 1929లో ఏ తక్కెడ ఎక్కాయో, మన నాయనమ్మల చీరలు నేటికీ ఆ తక్కెడలోనే ఉన్నాయి. పారిస్ చీటీ ఉన్న పాతగౌను కోసం నెల జీతం పోసే ఇంటి నుండే ఈ చీరలు ఆ దుకాణానికి వెళుతున్నాయి. ఈ రెంటినీ ఒకే ఇంట్లో చూసి వ్రాస్తున్నాను.

అమ్ముకోవద్దని నేనెవరిని చెప్పడానికి? అవసరాలుంటాయి. ఇవ్వబోయే ముందు చీరను నేల మీద పరచి కొంగు, అంచు, ఒంటి నేత, వెనుకవైపు తేలిన పోగులు కనబడేటట్లు నాలుగు ఫొటోలు తీసి, ఏ ఊళ్లో ఎప్పుడు ఎవరి పెళ్లికి కొన్నారో, తెలిస్తే ఏ మగ్గం మీద నేశారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రెండు వాక్యాలు వ్రాసి మీ పుటలో పెట్టండి. ధర్మవరం, గద్వాల, వేంకటగిరి చీరల ఫొటోలు ఎవరి దగ్గరున్నా మొదట నాకు చూపండి. పెద్దవాళ్లను ఏమేమి అడగాలో ఒక ప్రశ్నావళి తయారుచేస్తున్నాను, వచ్చే టపాలో ఉంచుతాను.