తలుపు తట్టే ఆ కుర్రాడు వింటాడా?

తెల్ల చొక్కా, టై, గుండె మీద నల్ల నేమ్‌బ్యాడ్జి. అమెరికా నుంచి గ్వాటెమాలాకు వచ్చిన మోర్మన్ మిషనరీ. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో. రెండేళ్ల దాకా ఇంటికి పోడు. జీతం లేదు, పైగా నెలనెలా ఖర్చుకి అతనో, ఇంటివాళ్లో డబ్బు కట్టాలి. పొద్దున్నే ఆరున్నరకల్లా లేవాలి. ప్రార్థన, చదువు, భాష సాధన, ఆ తర్వాత ఇల్లిల్లూ తిరగడం. ఒంటరిగా కాదు, తోటి మిషనరీ ఎప్పుడూ పక్కనే. వారం వారం ఇంటికి ఫోన్ చేసుకోనిచ్చింది 2019 నుంచే. అంతకుముందు ఏడాదికి రెండుసార్లే!

ఆ కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. అక్కడి మాయా ఆదివాసుల కెక్చి భాష నేర్చుకుని, ఆ భాషలోనే మాట్లాడే మిషనరీలూ ఉన్నారు. ఆదివాసి భాష ఎందుకు పనికొస్తుందనేవాళ్లు ఇది చూడాలి.

కానీ ఒక్కటి అడగాలి. ఆ భాష నేర్చుకున్నది చెప్పడానికేనా, వినడానికి కూడానా? మొక్కజొన్న విత్తే ముందు కొండదేవర అనుమతి అడగడం కెక్చి రైతుల ఆచారం. అది ఎందుకో కూర్చుని వినే టైమ్ అతని రోజులో ఉందా? వినకుండా బోధిస్తే, ఆ ఇంట్లో ఏమీ లేదని ముందే తేల్చేసినట్టే కదా? మీరే చెప్పండి.