చలికాలం ట్రాక్టర్ మొరాయిస్తే తప్పు చలిది కాదండీ

దాళ్వా దమ్ములు మొదలయ్యాయి. తెల్లవారుజామున మంచులో ట్రాక్టర్ తీస్తే గేరు పడదు, లిఫ్టు లేవదు, ఇంజిన్ అందుకోదు. "చలి కదా" అని వదిలేస్తాం. నేనూ అలాగే వదిలేసి దెబ్బతిన్నవాణ్ణి.

మన గోదావరి జిల్లాల్లో నీళ్లు గడ్డకట్టే చలి లేదు. రేడియేటర్లో నీళ్లు గడ్డకట్టి ఇంజిన్ పగలడం కాశ్మీరు వాళ్ల బాధ. మన బళ్లను పాడుచేసేది మన అలవాట్లే.

మొదటిది థర్మోస్టాట్ వాల్వ్. వేసవిలో బండి హీటెక్కుతోందంటే మెకానిక్ ఆ వాల్వ్ పీకేశాడు, నేనూ సరే అన్నాను. ఇంజిన్ సుమారు 80 డిగ్రీలకు వచ్చేదాకా నీళ్లను రేడియేటర్లోకి పోనివ్వకుండా ఆపేది అదే. అది లేకపోతే చలి పొద్దున ఇంజిన్ ఎంతకీ కాగదు. డీజిల్ సరిగా మండక కొంత ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది. ఆ దాళ్వాకి నా బండి డీజిల్ తాగేసింది, ముల్లు మాత్రం పైకి లేవలేదు. అసలు హీటుకి కారణం రేడియేటర్ జాలీలో ఇరుక్కున్న గడ్డీ, లోపల పట్టిన సున్నమూ!

రెండోది నీళ్లు. బోరు నీళ్లో కాలవ నీళ్లో బకెట్టుతో పోసేస్తాం. సముద్రం దగ్గరి ఊళ్లలో బోర్లు ఉప్పు. ఆ ఉప్పు, సున్నం లోపల తుప్పు పట్టిస్తాయి. "చలి లేని చోట కూలెంట్ దండగ" అంటారు కొందరు. కూలెంట్ తుప్పుని ఆపుతుంది, నీళ్లు తొందరగా మరగకుండా చూస్తుంది. మన ఎండలకీ అది కావాలి. కంపెనీ పుస్తకంలో చెప్పిన కూలెంటే, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయండి. రెండు రకాలు కలపొద్దు. వేడి మీద మూత తియ్యొద్దు.

మూడోది గేర్ బాక్స్. మన ట్రాక్టర్లు చాలావాటిలో గేర్లకీ లిఫ్టుకీ ఒకటే ఆయిల్. చలికి అది చిక్కబడి కాసేపు లిఫ్టు మెల్లగా లేస్తుంది, అది మామూలే. బండి కాగాక కూడా అలాగే ఉంటే గేజి తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టే. దమ్ము చక్రాలతో ఇరుసు మునిగేలా బురదలో తిరుగుతాం కదా, సీలు అరిగితే నీళ్లు లోపలికి పోతాయి. వేడి బండిని నీళ్లలోనే ఆపేస్తే, చల్లారేటప్పుడు అదే నీళ్లని లోపలికి లాగుతుంది. రాత్రి గట్టెక్కించి పెట్టండి.

ఇంకో తేడా గుర్తుపెట్టుకోండి. గేర్ ఆయిల్ తెల్లబడితే నీళ్లు బయటినుంచి వచ్చాయని. ఇంజిన్ ఆయిల్ తెల్లబడి, రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే లోపల గ్యాస్కెట్టో స్లీవ్ రింగో పోయిందని. అప్పుడు బండి వెంటనే ఆపేయాలి. నేను తెల్లబడిన గేర్ ఆయిల్‌తోనే "ఈ నాలుగెకరాలు అయిపోనీ" అని తోలాను. బేరింగులు పోయాయి. బండి షెడ్డులో, నారు మడిలో ముదురుతూ ఉంది. పక్కవాళ్ల ట్రాక్టర్ కోసం ఐదు రోజులు కాళ్లరిగేలా తిరిగాను. వేసవిలో కాలవలు కట్టేసేలోపు పంట గట్టెక్కాలన్న భయం మీకు చెప్పక్కర్లేదు.

నా మాట ఒక్కటే. బండిలోంచి ఏ భాగమైనా తీసేస్తానంటే "ఎందుకు పెట్టార్రా దాన్ని?" అని అడగండి. పొద్దున స్టార్ట్ చేసేముందు ఐదు నిమిషాలు నీళ్లూ, ఆయిలూ చూసుకోండి. అప్పు కట్టేది మనం, మెకానిక్ కాదు.