గడప బయట నిలబడ్డ నాన్న

పెళ్లికాకుండా బిడ్డ పుట్టిందంటే మనం ముందు అమ్మాయిని తిట్టిపోస్తాం, తర్వాత అబ్బాయిని శపిస్తాం. ఆ పసిగుడ్డుకి ఏం కావాలో మాత్రం ఆలోచించం. నేనూ ఆలోచించలేదు. అందుకే ఈ వారం వంటింటి కబుర్లు పక్కనపెట్టి నా తప్పు మీతో చెప్పుకుంటున్నాను.

మా వీధిలో కుట్టుపని చేసుకునే ఒకమ్మాయికి అలాగే పాప పుట్టింది. ఆ అబ్బాయి మెకానిక్ షెడ్డులో పనిచేస్తాడు. పెళ్లికి తనవాళ్లను ఒప్పించలేకపోయాడు గానీ, రోజూ సాయంత్రం పాల ప్యాకెట్టు పట్టుకుని వచ్చేవాడు. "తాళి కట్టేదాకా వాణ్ణి గడప తొక్కనివ్వను వదినగారూ" అంది అమ్మాయి తల్లి. "అదే మంచిది" అన్నాను నేను. మూడు నెలలు వీధిలోనే నిలబడి వెళ్లాడు. ఆ తర్వాత రావడం మానేశాడు. ఇప్పుడు పాపకి రెండేళ్లు. పక్కింటి పిల్లల్ని చూసి, గుమ్మంలోకొచ్చిన ప్రతి మగాణ్ణీ "నాన్నా" అంటుంది. వింటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

తల్లికి మమకారం కడుపులోనే మొదలవుతుంది. తండ్రికి చేతుల్లో మొదలవుతుంది. పొత్తిగుడ్డ మార్చడం, పాలు తాగాక భుజాన వేసుకుని వీపు నిమరడం, జోకొట్టి నిద్రపుచ్చడం... ఇవి చేస్తేనే కదా మగాడికైనా "నా బిడ్డ" అనిపించేది! బరువు తక్కువగా పుట్టిన బిడ్డను గుండెకు ఆనించి ఉంచే కంగారూ పద్ధతిని తండ్రి కూడా చెయ్యొచ్చని డాక్టర్లే చెబుతున్నారు.

"రానిస్తే బిడ్డను లాక్కుపోడూ?" అంటారేమో. హిందువులకు 1956 నాటి చట్టం ప్రకారం, పెళ్లికాని తల్లి బిడ్డకు మొదటి సంరక్షకురాలు తల్లే. ఆమె తర్వాతే తండ్రి. పెళ్లి కాలేదని తండ్రి చేతులు దులుపుకోవడానికీ లేదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద, బిడ్డ పోషణ ఖర్చులు ఇమ్మని కోర్టుకు వెళ్లొచ్చు. కానీ కోర్టు డబ్బు ఇప్పించగలదు గానీ ప్రేమ ఇప్పించలేదు కదండీ!

ఒక్క మాట. బలవంతం చేసినవాడికీ, కొట్టేవాడికీ, తాగొచ్చి గొడవ చేసేవాడికీ తలుపు తియ్యనక్కర్లేదు. అమ్మాయికి ఇష్టం లేకపోయినా అంతే. బుద్ధిగా వచ్చేవాణ్ణి మాత్రం, ఇంట్లో పెద్దవాళ్లుండగా రోజూ కాసేపు రానివ్వండి. ఊరికే కూర్చోబెట్టకుండా బిడ్డ పని ఏదో ఒకటి చేతికివ్వండి. పెళ్లి మాట పెద్దలు తర్వాత తేల్చుకోవచ్చు. అది తేలేదాకా పాప పెరగకుండా ఆగదుగా?

ఆ రోజు నేను ఈ మాట చెప్పాల్సింది. మీ వీధిలో అవసరమైతే, మీరైనా చెప్పండి.