హౌజ్‌ని కడిగి కడిగి చంపుతున్నాం

మన ఇళ్లల్లో సఫాయి అంటే ప్రాణం. జుమేరాత్ వచ్చిందంటే సెహన్ కడుగుతాం, పర్దాలు ఉతుకుతాం. అదే ఊపులో సెహన్ మూలన ఉన్న చిన్న హౌజ్‌ని కూడా ఖాళీ చేసి, గోడలు బ్రష్‌తో తోమి, కుళాయి తిప్పి కొత్త నీళ్లు పట్టేస్తాం. రెండ్రోజులు నీళ్లు అద్దంలా ఉంటాయి. వారం తిరిగేసరికి పచ్చబడతాయి. చేపలు ఒక్కొక్కటే తేలతాయి. కలువ ఆకులు పసుపెక్కుతాయి. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఫైసలా చెప్పేస్తారు: "దోమలకు అడ్డా తప్ప దీనివల్ల ఏం ఫాయిదా? పూడ్చేసి టైల్స్ వేయించండి."

నా రాయ్ వేరు. ఆ హౌజ్ పాడవుతున్నది మనం పట్టించుకోక కాదు, అతిగా కడిగి. పూడ్చేముందు ఒక్కసారి దాని హాల్ ఏమిటో చూడండి.

చేప మలంలోంచి, మిగిలిన మేతలోంచి, కుళ్లిన ఆకులోంచి అమ్మోనియా పుడుతుంది. చేపకి అది జహర్. హౌజ్ గోడల మీద, అడుగు రాళ్ల మీద చేతికి జిగటగా తగిలే పొర ఉంటుంది చూడండి, అందులో బతికే బ్యాక్టీరియా ఆ అమ్మోనియాని మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మొక్కకి గిజా. మొక్క తిని పెరుగుతుంది, నీరు తేటపడుతుంది. కుదరత్ పెట్టిన ఈ ఇంతెజామ్ కుదురుకోవడానికి వారాలు పడుతుంది. మనం బ్రష్ పట్టుకుని పావుగంటలో దాన్ని గీకేస్తాం. పైగా కుళాయి నీళ్లలోని క్లోరిన్ మిగిలిన బ్యాక్టీరియాని కూడా చంపుతుంది. ఇక చేపలు తేలకేం చేస్తాయి?

పాక్, సాఫ్ అనే రెండు మాటల్ని మనం కలిపేస్తాం. గలత్ ఫహ్మీ అక్కడే ఉంది. మస్జిద్ హౌజ్ వుజూ కోసం. హనఫీ ఫిఖహ్‌లో దానికి దహ్ దర్ దహ్, అంటే పది మూరలకు పది మూరల కొలత చెబుతారు. సెహన్‌లో మనం షౌక్‌తో కట్టించుకున్న గుంత అది కాదు. అందులో వుజూ చేయబోవడం లేదు. దాని అడుగున కాస్త బురద, గోడకి కాస్త నాచు ఉంటే ఐబ్ ఏమీ లేదు. అది ఆరోగ్యం.

ఇక ఇస్రాఫ్ సంగతి. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగు లోతు ఉన్న హౌజ్‌లో సుమారు 340 లీటర్లు పడతాయి. వారం వారం ఖాళీ చేస్తే ఏడాదికి 17 వేల లీటర్ల పైమాటే. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని నిలబడే మొహల్లాల్లో ఇది జాయజేనా? పారే నది ఒడ్డున కూర్చున్నా నీళ్లు వృథా చేయొద్దన్న తాలీమ్ మనది. పదిహేను రోజులకోసారి పావు వంతు, అంటే నాలుగైదు బకెట్లు తీసి మొక్కలకు పోయండి. ఆ నీళ్లు గులాబీకి ఎరువే. బదులు పోసే నీళ్లని ముందురోజే బకెట్లలో పట్టి ఎండ తగిలే చోట ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది.

నీళ్లు పచ్చబడటానికి ఇలాజ్ దవా సీసాలో లేదు. నాచుకి రెండే కావాలి: ఎండ, ఎరువు. రెండూ తగ్గించండి. నీటి పైభాగం సగం దాకా ఆకులతో కప్పి ఉంటే ఎండ లోపలికి దిగదు. కలువని కుండీలో, బరువైన బంకమట్టిలో నాటి పైన గులకరాళ్లు పరవండి. పేడ ఎరువు, కొబ్బరి పొట్టు కలిపిన నర్సరీ మట్టి హర్గిజ్ వద్దు, అది నీళ్లలో కరిగి నాచునే మేపుతుంది. కలువకి రోజుకి ఐదారు గంటల ఎండ కావాలి, లేకుంటే పూయదు. పసుపెక్కిన ఆకుని కుళ్లకముందే తుంచి తీసేయండి.

చేపల విషయంలో లాలచ్ పనికిరాదు. దుకాణంలో వేలంత ఉన్న గోల్డ్ ఫిష్ పెరిగితే జానెడవుతుంది. పిల్లలు ముచ్చటపడి గుప్పెడు మేత పోస్తారు. రెండు నిమిషాల్లో తినేంత వేస్తే చాలు. ఫజర్ వేళ చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలి అనుకోకండి. రాత్రంతా మొక్కలు కూడా ప్రాణవాయువు పీలుస్తాయి, తెల్లవారేసరికి నీళ్లలో అది అడుగంటుతుంది. నీళ్లు వేడెక్కితే ఇంకా తక్కువ. చేపలు తగ్గించండి, లేదా చిన్న ఫౌంటెన్ పంపు రాత్రి కూడా నడవనివ్వండి.

దోమల భయం వాజిబే. డెంగీ దోమ మంచినీటి నిల్వల్లోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో రెక్కలొస్తాయి. కానీ చేపలున్న హౌజ్‌లో దోమ పిల్ల బతకడం ముష్కిల్. అసలు అడ్డాలు వేరే ఉన్నాయి: మూతలేని డ్రమ్ము, కూలర్ ట్రే, మేడ మీది పాత టైరు, పూలకుండీ కింద పళ్లెం. ఆ దోమ గుడ్లు నీటి అంచున గోడకి అంటుకుని, నీళ్లు లేకున్నా నెలల తరబడి బతుకుతాయి. కాబట్టి జుమేరాత్ నాడు తోమాల్సిన గోడలు డ్రమ్మువి, కూలర్‌వి. మీ బ్రష్ అక్కడ వాడండి.

రెండు జిమ్మేదారీలు మాత్రం మరవొద్దు. ఒకటి, గుర్రపుడెక్క, అంతరతామర హౌజ్‌లో ఎక్కువైతే చెరువులో, నాలాలో పారేయకండి. ఎండబెట్టి చెట్ల మొదట్లో వేయండి. మన చెరువుల్ని కప్పేసిన గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చిన మొక్కే. గంబూసియా చేపల్నీ బయట వదలొద్దు, అవి మన నీళ్లలోని చిన్న చేపల్నీ కప్ప పిల్లల్నీ తినేస్తాయి. రెండోది, నడక నేర్చే పిల్లలున్న ఇంట్లో హౌజ్ మీద ఇనుప జాలీ తప్పనిసరి. మునగడానికి అడుగు నీళ్లు చాలు. జాలీ వేయలేమంటే మాత్రం పిల్లలు పెద్దయ్యేదాకా ఖాళీగా ఉంచడమే మేలు.

అంతే తప్ప, పచ్చబడిందని పూడ్చకండి. టైల్స్ పరిచిన సెహన్‌కి పిచ్చుక రాదు, తూనీగ రాదు. కొత్తగా మొక్కలు పెట్టినప్పుడు నీళ్లు కొన్నాళ్లు పచ్చగానే ఉంటాయి. ఆ నెలా రెండు నెలలు సబర్ చేయండి, బ్రష్ దాచిపెట్టండి.